వేటంటే చేపలేనండి: గోదావరి గౌతమి పాయలో నాలుగు రోజుల పడవ ప్రయాణం, ఒక కేస్ స్టడీ

ఫోను చేసినాయన మొదటి మాటే "వేటకెళ్ళాలండి" అన్నారు. దానికేముందండి, వెళ్దాం అన్నాను. మా వైపు వేటంటే చేపల వేటే. ఫలానావాడు వేటకెళ్ళాడంటే నీళ్ళ మీదున్నాడని, వేట లేదంటే ఇంట్లో పొయ్యి సరిగా వెలగట్లేదని అర్థం. పది నిమిషాలు మాట్లాడాక గానీ ఆయన అడుగుతున్నది తుపాకీ వేటని నాకు వెలగలేదు.

నేను తాళ్ళరేవు దగ్గర చిన్న చిన్న బృందాలకు పడవ ప్రయాణాలు ఏర్పాటు చేస్తుంటాను. ఈయన కెనడాలో చాలా ఏళ్ళు ఉద్యోగం చేసి హైదరాబాదు తిరిగొచ్చినాయన. అక్కడ ఆంటారియోలో స్నేహితులతో కనూ వేసుకుని అడవి చెరువుల్లోకి వెళ్ళి మూస్ వేట చేసొచ్చారు. మూస్ అంటే మన కణుజుకు రెండింతలుండే పెద్ద దుప్పి జాతి జంతువు. బాగా పెరిగిన మగది 500 కిలోలు దాటుతుంది. కనూ మన దోనె లాంటిదే, కాకపోతే ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి మనుషులు భుజాల మీద మోసుకుపోగలిగినంత తేలిక. "అలాంటిదే మన గోదావరిలో ఒకటి చేద్దామండి, మడ అడవుల్లోకి, నాలుగు రోజులు, ఎవరూ లేని చోటికి" అన్నారు. తోడుగా ఆయన తోడల్లుడు, ఇద్దరు ఆఫీసు స్నేహితులు.

తుపాకీ సంగతి ముందే తేల్చేశాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తొమ్మిదో సెక్షను ప్రకారం ఈ దేశంలో ఇప్పుడు సరదా వేటన్నది లేదు. ఆ మడ అడవులున్న కోరింగ అభయారణ్యం 1978లో ఏర్పడింది, 235.7 చదరపు కిలోమీటర్లు. అందులో వేటాడి దొరికితే మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ దాకా జైలు. "ఎయిర్ గన్ అయినా?" అన్నారు తోడల్లుడు. శీతకాలం బాతుల మీద ఆయన కన్ను. ఎయిర్ గన్ అయినా, ఉండేలు అయినా అంతేనండి, అది పడవెక్కితే నేను దిగిపోతానన్నాను. ఇంత కటువుగా ఎందుకంటే, ఇలాంటి మాట మెత్తగా చెబితే సంచి అడుగున ఏదో ఒకటి వచ్చి తీరుతుంది. నాకది అనుభవం.

చివరికి కుదిరిన ఒప్పందం ఇది. అభయారణ్యం హద్దులో చూపులే, గాలం కూడా వెయ్యకూడదు. హద్దుకు బయట, గౌతమి కుడి గట్టు వైపు పాయల్లో గాలాలతో, విసురు వలతో చేపల వేట. నాలుగు పగళ్ళు, మూడు రాత్రులు. యానాంలో ఎక్కి మళ్ళీ యానాంలోనే దిగడం.

ఆయన పంపిన కాగితం

ఒప్పుకున్నాక ఆయన కెనడా ప్రయాణం తాలూకు ప్రణాళిక కాగితం పంపారు. చాలా బాగా రాసుకున్న కాగితం, చదివి నేర్చుకున్నాను. కాకపోతే దాన్ని ఇక్కడికి తెస్తే దాదాపు ప్రతి లెక్కా తిరగబడుతుంది.

వాళ్ళ లెక్కంతా తిరుగు ప్రయాణం బరువు చుట్టూ ఉంది. పోయేటప్పుడు కనూ తేలిక. మూస్ పడిందంటే మాంసం ముక్కలుగా కోసి, సంచుల్లో కట్టి, చెరువు చెరువుకీ నాలుగైదు విడతలు మోసుకురావాలి. అందుకే వాళ్ళు నీళ్ళకు మరీ దూరంగా ఉన్న జంతువుని కాల్చరట, మోత తలుచుకుని. మంచినీళ్ళ దిగులు లేదు, చెరువు నీళ్ళే వడగట్టుకుని తాగుతారు. సెప్టెంబరు చివర, అక్టోబరులో వేట కాబట్టి చలే మాంసాన్ని కాపాడుతుంది.

మన దగ్గర బరువంతా పోయేటప్పుడే. చుట్టూ నీళ్ళే, గుక్కెడు తాగడానికి పనికిరావు. వర్షాలు వెనకబట్టాక ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీళ్ళు కాలవలకు మళ్ళిపోతాయి, కిందికి వచ్చేది తక్కువ. ఆ ఖాళీలోకి సముద్రం ఎక్కి వస్తుంది. మాఘమాసంలో యానాం రేవులో నీళ్ళు నోట్లో పోసుకుంటే ఉప్పు తగులుతుంది. పైగా చలి అన్నది మంచు కురిసే తెల్లవారుజామున రెండు గంటలే, తొమ్మిదయ్యేసరికి చేప పాడవడం మొదలు.

మనుషులం ఏడుగురం: వాళ్ళు నలుగురు, నేను, నావ నడిపే సరంగు, ఒక కుర్రాడు. తాగడానికి, వండడానికి మనిషికి రోజుకి ఐదు లీటర్ల చొప్పున నాలుగు రోజులకి 140 లీటర్లు. ఇరవై లీటర్ల క్యాన్లు ఏడు. నేను తొమ్మిది ఎక్కించాను. ఆ రెండూ ఎందుకు దండగని తోడల్లుడు నవ్వారు. ఆ రెండింటి కథ ముందుంది. చేపకి ఐసు బరువుకి బరువు ఉండాలి, అదీ కరిగిపోగా మిగిలిన ఐసు. అందుకే 20 కిలోల చేపకంటే ఎక్కువ పట్టకూడదని ముందే గీత గీసుకుని, 80 కిలోల ఐసు పొడి కొట్టించి రెండు థర్మోకోల్ పెట్టెల్లో నింపి, పైన తడి గోనె కప్పాం. ఉప్పుడు బియ్యం, చింతపండు, ఎండుమిరపకాయలు, మాగాయ జాడీ, చిన్న గ్యాసు పొయ్యి. ఎండు రొయ్యలు కూడా, ఒక్క చేపా పడకపోతే పులుసు ఆగకూడదుగా.

ఇంత బరువు కనూల్లో వెయ్యలేం. అందుకని పెద్ద నావ ఒకటి మాట్లాడాను, ఇంజను ఉన్నది. దాని వెనక తాడు కట్టి రెండు ఫైబరు కనూలు. మకాం నావలో, వేట కనూల్లో. ఆయనకిది మొదట నచ్చలేదు, ఇంజను చప్పుడుంటే అడవేముంది అని. తెడ్డు మీద గంటకి నాలుగైదు కిలోమీటర్లు పోతారేమో. పోటు మీద వచ్చే నీళ్ళకి ఎదురు తెడ్డు వేస్తే గంట కష్టపడ్డాక కూడా అదే చెట్టు పక్కనే ఉంటారు. ఈ మాట చెప్పి ఒప్పించాను.

పులస గురించీ ఒక మాట. ఆయన పట్టాలనుకున్న చేపల్లో మొదటి పేరు అదే. పులస వరద నీటికి ఎదురీదుతూ గోదావరిలోకొచ్చే చేప, ఆషాఢ శ్రావణాల మాట. మాఘంలో పులస అడగడం సంక్రాంతికి కొత్త ఆవకాయ అడగడం లాంటిది. ఆ వరద రోజుల్లో నేను ఎవర్నీ పాయలోకి తీసుకెళ్ళను. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. అది ఎగిరిందంటే లంకల్లో వాళ్ళే సామాను సర్దుకుంటారు. 1986 ఆగస్టులో 35 లక్షలు దాటింది, ఆ ఊసు మా ఊళ్ళో ఇంకా చెప్పుకుంటారు.

రోజు ఎంచడం

కార్తీకం వద్దన్నాను. అక్టోబరు, నవంబరు, డిసెంబరు సగం దాకా తుఫాను భయం. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ ఎలా ఉందో చూసినవాళ్ళ ఇళ్ళలో ఆ నెలలో సరదా పడవ ప్రయాణమన్న మాటే నోటికి రాదు. జనవరి, ఫిబ్రవరి మంచివి. గాలి నెమ్మది, పక్షులు నిండుగా ఉంటాయి. కాకపోతే ఆ నెలల్లోనే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఇసక తిన్నెలెక్కుతాయి. అందుకే హోప్ ఐలాండు మీద గుడారం, నెగడు అన్న ఆయన కోరిక కొట్టేశాను. తీరం మీద దీపం పెడితే తాబేలు పిల్లలు సముద్రం వైపు పోవాల్సింది దీపం వైపు పోతాయి.

ఇక తిథి. మా సరంగుని నేను బాబాయి అంటాను, వరస లేదు, వయసుకి. బాబాయి మొదటే చెప్పేశాడు: "భీష్మేకాదశికి అంతర్వేది రథం అబ్బాయి, ఆ రోజు నన్నడక్కు." ఆయనే కాదు, ఆ తీర్థానికి తీరంలో పడవలన్నీ అటే. హైదరాబాదు వాళ్ళ సెలవులు ఏకాదశి తర్వాతే కలిసొచ్చాయి. చతుర్దశి నాడు ఎక్కి, పున్నమి దాటి విదియ నాడు దిగడం అని ఖాయం చేశాను. వెన్నెల్లో కనూ బాగుంటుందని ఆయన మురిసిపోయారు. "వెన్నెల్లో వల చేపకి కనబడుద్ది, పెద్ద వేటేం ఉండదు" అన్నాడు బాబాయి. నేను విన్నాను గానీ మార్చలేదు. ఈ కేసులో నా మొదటి తప్పు ఇక్కడుంది. అదీ చేపల విషయంలో కాదు.

అనుమతులు

అభయారణ్యంలోకి వెళ్ళే సగం రోజుకి అటవీశాఖ అనుమతి, మెరైన్ పోలీసులకి పేర్లు, ఫోన్ నంబర్లు, తిరిగొచ్చే వేళ. ఇవి కాగితాల పని, అయిపోయాయి. కాగితం లేని అనుమతి ఇంకోటుంది, నాకదే ముఖ్యం. కుడి గట్టు పాయల్లో వల వేసుకునే ఊళ్ళున్నాయి. ఏ పాయలో ఎవరు ఎప్పుడు వేస్తారన్నది వాళ్ళలో వాళ్ళకి కట్టుబాటు. మనం సరదాకి పోయి వాళ్ళ చోట గాలం వేస్తే మర్యాద కాదు. వారం ముందు బాబాయితో వెళ్ళి పెద్దల దగ్గర కూర్చుని అడిగాను. ఒక పాయ చూపించారు, పీతల జోలికి పోవద్దన్నారు. ఆ పాయ పేరు ఇక్కడ రాయను. అది వాళ్ళ పొట్టకూటి చోటు.

యానాంలో ఎక్కే వాళ్ళకి నేను తప్పకుండా చెప్పే మాట ఒకటుంది. యానాం పుదుచ్చేరిది, మందు చవక. ఎదుర్లంక వారధి దాటితే ఆంధ్ర. సీసాలు సంచిలో పెట్టుకొస్తే అది వేరే కేసవుతుంది.

మొదటి రెండు రోజులు

వీటి గురించి చెప్పేది తక్కువ, అంతా అనుకున్నట్టే జరిగింది. మొదటి రోజు కనూ మీద చెయ్యి కుదుర్చుకున్నారు. రెండో రోజు అభయారణ్యం వైపు చూపుల ప్రయాణం. నీరుకుక్కల గుంపొకటి గట్టు మీద చేప తింటూ కనబడింది. బావురుపిల్లి కనబడలేదు, బురదలో అడుగులు మాత్రం చూపించాను. రాత్రి నావలోనే పడక. గాడిమొగ వైపు గ్యాసు టెర్మినల్ వెలుగు ఆకాశానికి కొడుతుంటే ఆయన, "ఎవరూ లేని చోటన్నానుగా" అని నవ్వారు. ఈ డెల్టాలో ఎవరూ లేని చోటు లేదండి. మనిషి కనబడని గంటలు మాత్రం ఉంటాయి.

గాలానికి కొయ్యింగలు, జెల్లలు పడ్డాయి. జెల్ల ముల్లు గురించి ముందే చెప్పి ఉంచాను, ఎవరికీ గుచ్చుకోలేదు.

మూడో రోజు

పున్నమి వెళ్ళిన పాడ్యమి. పొద్దున పదింటికి నిండు పోటు. పెద్దలు చూపించిన పాయలోకి పదకొండింటికి దూరాం, నావా కనూలూ అన్నీ. లోపల వంక తిరిగాక నావకి లంగరేసి, కనూల్లో రెండు గంటలు వేట, రెండింటికల్లా బయటికి. ఇదీ లెక్క. ఇదే పాయలో అంతకు ముందు నేను రెండుసార్లు తిరిగాను. పాటు పూర్తిగా తీసినా, అంటే సముద్రం నీళ్ళు బాగా వెనక్కి పోయినా, నావకి సరిపడా నీళ్ళుంటాయని నా నమ్మకం.

ఒంటిగంటన్నరకి ఆయన గాలానికి పండుగప్ప తగిలింది. తాడు అటూ ఇటూ ఇరవై నిమిషాలు తిప్పింది. నాలుగు కిలోల చేప. ఫోటోలు, అరుపులు. ఆ సందట్లో బాబాయి రెండుసార్లు "అబ్బాయి, నీళ్ళు పోతన్నాయి" అన్నాడు. నేను వాచీ చూసుకుని ఇంకా టైముంది అన్నాను. రెండుంపావుకి పాయ మొగ దగ్గరికొచ్చేసరికి నావ అడుగు జర్రున బురద మీద కూర్చుంది. ముందు ఇరవై గజాల మేర మేట తేలిపోయి ఉంది. పది నిమిషాల్లో నావ ఓ పక్కకి ఒరిగింది.

ఇలాంటప్పుడు ఏమీ చెయ్యకుండా కూర్చోవడమే పని. ఆ మాట నేను చెప్పేలోపే స్నేహితుల్లో ఒకాయన నెట్టేద్దామని కిందికి దూకేశారు. తొడ దాకా దిగిపోయారు. కదిలేకొద్దీ ఇంకా దిగుతున్నారు. తోడల్లుడు ఆయనకి అందించడానికి పక్కనున్న కొమ్మ విరవబోయారు. "అది ముట్టుకోకండి బాబూ, తిల్ల! పాలు కంట్లో పడితే చూపు పోద్ది" అని బాబాయి కేకేశాడు. తిల్ల చెట్టు పాలు అంత పని చేస్తాయి.

అప్పుడు పనికొచ్చింది కనూ. మన కెనడా ఆయన ఖాళీ కనూని బురద మీదికి లాగి, అందులో బోర్లా పడుకుని, చేతులతో జారుకుంటూ స్నేహితుడి దగ్గరికెళ్ళారు. బరువు కనూ అడుగంతా పరుచుకుంది కాబట్టి అది దిగబడలేదు. స్నేహితుడు కనూ అంచు పట్టుకుని ఒక్కో కాలూ వెనక్కి వంచి నెమ్మదిగా లాక్కున్నారు. ఒక చెప్పు ఆ పాయలోనే ఉండిపోయింది, అరికాలు ఆల్చిప్పలకి కోసుకుపోయింది. నేనప్పటిదాకా కనూని ముచ్చట కోసం తెచ్చిన వస్తువుగానే చూశాను.

గాయం కడగడానికి అర క్యాను నీళ్ళు పోయాయి. బురద పుండులో ఉండకూడదు, ధారగా పోస్తూనే ఉండాలి. మందు రాసి గుడ్డ కట్టాం. మర్నాడు దిగాక టెటనస్ సూది. మిగిలిన మధ్యాహ్నమంతా ఒరిగిన నావలో ఏడుగురం, పైన ఎండ, చుట్టూ నీళ్ళు లేవు. తెచ్చిన నీళ్ళు మాత్రం ధారాళంగా తాగాం. తొమ్మిది క్యాన్లెందుకో తోడల్లుడు మళ్ళీ అడగలేదు. సాయంత్రం దోమలు, కంటికి కనబడని నుసుములు. పొయ్యి నిలబెట్టే వీలు లేక అటుకుల్లో మాగాయ కలిపి తిన్నాం. ఐసు పెట్టె ఒరిగి నీళ్ళు కారిపోయాయి గానీ చేప చెడలేదు.

నాలుగున్నరకి గానీ పాయలో నీళ్ళు మళ్ళడం మొదలవలేదు. ఆరింటికి నావ అడుగుని తడిపాయి. ఏడు కావస్తుంటే పాడ్యమి చంద్రుడు మడ చెట్ల మీదికొచ్చాడు, కొంచెం సేపటికి నావ తనంతట తనే నిటారుగా లేచింది. బాబాయి ఇంజను వెయ్యకుండా గడ పెట్టి మెల్లిగా బయటికి తోశాడు. మొగ దాటేదాకా ఎవరూ మాట్లాడలేదు.

లెక్క ఎక్కడ తప్పింది

ఇంటికొచ్చాక నా పాత డైరీ తీశాను. ఆ పాయలోకి నేను వెళ్ళిన రెండుసార్లూ అష్టమి అటూ ఇటూ రోజులు. అష్టమికి పోటు పెద్దగా రాదు, పాటూ పెద్దగా పోదు. నీళ్ళు ఉన్నచోటే ఊగుతుంటాయి. అందుకే పాటులో కూడా మేట మీద మోకాలి లోతు మిగిలింది. అమావాస్య, పున్నాలకి, ఇంకా చెప్పాలంటే వాటి మర్నాడూ ఆ మర్నాడూ, నీళ్ళు ఎంత ఎత్తుకెక్కుతాయో అంత లోతుకి తీసేస్తాయి. అదే మేట ఆ రోజు బయటపడింది. కాకినాడ పోర్టు పోటుపాట్ల పట్టిక నా జేబులోనే ఉంది. అందులో రెండు వరసలుంటాయి, వేళలు, ఎత్తులు. నేను వేళలు చూసుకున్నాను. రోజుకి ముప్పావుగంట పైన ఆలస్యమవుతుందన్నది కూడా లెక్కేసుకున్నాను. ఎత్తుల వరస చదవలేదు. చదివుంటే ఆ మధ్యాహ్నం పాటు నేనెరిగిన పాటు కంటే ఎంత దిగువో అక్కడే ఉంది.

ఇంకోటి, పట్టికలో ఉన్నది కాకినాడ వేళ. మలుపులు తిరిగి లోపలికి పోయే పాయలో నీళ్ళు ఆలస్యంగా మళ్ళుతాయి. పట్టిక ప్రకారం నాలుగింటికి ముందే మళ్ళాలి, మాకు నాలుగున్నర దాటింది. ఇరుక్కున్నప్పుడు ఆ అరగంట చాలా పెద్దది.

పండుగప్పని మాత్రం తప్పు పట్టను. చేప తగలకపోయినా ఒంటిగంటన్నరకే బయల్దేరేవాళ్ళం కాదు. బాబాయి మొదటి మాటకి వాచీ చూసుకోవడమే నా తప్పు. వాచీ నా ప్రణాళికలోది, నీళ్ళు ఆయన కళ్ళ ముందువి. కెనడా కాగితంలో ఒక వాక్యముంది, తిరుగు వేళ మించితే ఎవరన్నా సరే తెడ్డు తిప్పేయొచ్చని. ఆయన దాన్ని నాకు మొదటే చదివి వినిపించారు. మా పడవలో అలాంటి అధికారం సరంగుకి ఉందని నేను ప్రయాణికుల ఎదుట నోరు తెరిచి చెప్పలేదు. అందుకే ఆయన రెండుసార్లు చెప్పి ఊరుకున్నాడు, డబ్బులిచ్చిన బాబులు సంబరంగా ఉన్నారు కదా అని. ఇప్పుడు ఎక్కించే ముందే అందరి ముందూ చెబుతున్నాను: బాబాయి పదండంటే కదలడమే.

మూడో రోజు డబ్బులు వెనక్కిచ్చాను. ఆయన తీసుకోనన్నారు, బలవంతంగా ఇచ్చాను. పండుగప్పని నాలుగో రోజు పొద్దున భైరవపాలెం ఎదురుగా లంగరేసి బాబాయి పులుసు పెట్టాడు. మధ్యాహ్నం యానాంలో దిగేసరికి ఐసు పెట్టెలో ఏడెనిమిది కిలోల కొయ్యింగలు మిగిలాయి.

ఆ తర్వాత గడకి జానెడుకో మేకు కొట్టించాను. ఏ పాయలోకి దూరినా మొగ దగ్గర మేట మీద గడ దించి, ఎన్ని మేకులు మునిగాయో తిథితో సహా డైరీలో రాస్తున్నాను. ఆ పాయకి ఇప్పటికి పదకొండు పేజీలయ్యాయి. మొన్న ఆయన మళ్ళీ ఫోను చేశారు, ఈసారి తోడల్లుడి కొడుకులు కూడా వస్తారట, సెలవు తేదీలు చెప్పారు. పంచాంగం తీసి చూశాను. చవితి నుంచి సప్తమి దాకా.